కంకిపాడు దారిలో రగ్బీ: మహిళల విశ్వవిద్యాలయ క్రీడల చరిత్రలో ఒక అధ్యాయం

బెజవాడ నుంచి బందరు వరకు కాలువను ఆనుకుని సాగే రహదారిపై సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్న కంకిపాడు పరిసరాలకు రగ్బీ అనే ఆట ఈనాటికీ అంతగా పరిచయం కాలేదు గాని, రగ్బీ అనే పేరు మాత్రం ఆ దారి చివరనున్న మచిలీపట్నానికి 19వ శతాబ్దపు నడిమి కాలంలోనే చేరింది. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున 1841లో ఆ రేవుకు వచ్చిన ఇద్దరు మిషనరీలలో రాబర్ట్ నోబుల్ పేరు ఆయన నెలకొల్పిన పాఠశాల వల్ల, తరువాత నోబుల్ కళాశాల వల్ల కృష్ణా జిల్లాలో నిలిచిపోయింది; రెండవవారైన హెన్రీ వాట్సన్ ఫాక్స్ పేరు దాదాపుగా మరుగున పడింది. ఫాక్స్ ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూల్‌లో, థామస్ ఆర్నాల్డ్ ప్రధానాధ్యాపకుడిగా ఉన్న కాలంలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పట్టం పుచ్చుకుని, తెలుగు నేర్చి, ఆరోగ్యం చెడి స్వదేశానికి తిరిగి వెళ్లి 1848లో చిన్న వయసులోనే మరణించగా, ఆయన జ్ఞాపకార్థం రగ్బీ స్కూల్‌లో పోగైన చందాలతో మచిలీపట్నం మిషన్ పాఠశాలలో ‘రగ్బీ-ఫాక్స్’ పేరిట ఒక ఉపాధ్యాయ పదవి ఏర్పడింది. ఆ విధంగా రగ్బీ స్కూల్ విద్యార్థుల డబ్బు కృష్ణా తీరానికి వచ్చింది, వారి బోధన వచ్చింది, వారి మతం వచ్చింది; వారి ఆట రాలేదు.

ఆ ఆట అప్పటికింకా రూపు దిద్దుకుంటూ ఉన్నది. 1823లో రగ్బీ స్కూల్‌లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి కాలితో ఆడవలసిన బంతిని చేత పట్టుకుని పరుగెత్తడంతో రగ్బీ పుట్టిందన్న కథ చరిత్రకారులు నమ్మేది కాదు; అయితే 1845లో అదే పాఠశాల విద్యార్థులు కొందరు ఆట నియమాలను తొలిసారి కాగితం మీద పెట్టారన్నదీ, 1871లో లండన్‌లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ ఏర్పడి ఎదుటివారి పిక్కలపై తన్నే మోటు పద్ధతిని నిషేధించిందన్నదీ నిర్వివాదాలు. ఇప్పటి పద్ధతిలో జట్టుకు 15 మంది, 80 నిమిషాల ఆట. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతులతో పట్టుకుని ముందుకు పరుగెత్తవచ్చు గాని, తోటి ఆటగాళ్లకు అందించేటప్పుడు పక్కకో వెనక్కో మాత్రమే విసరాలి. ఎదుటి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దానిని ట్రై అంటారు, దానికి 5 పాయింట్లు. ఆపైన గోలు స్తంభాల నడుమ నుంచి తన్నితే మరో 2. బంతి పట్టుకుని వస్తున్నవారిని చేతులతో చుట్టి నేలకు దించడాన్ని ట్యాకిల్ అనీ, చిన్న తప్పు జరిగినప్పుడు ఇరుపక్షాల నుంచి ఎనిమిదేసి మంది భుజాలు కలిపి, తలలు వంచి, ఎదురెదురుగా నెట్టుకుంటూ నడుమ వేసిన బంతి కోసం పోటీ పడడాన్ని స్క్రమ్ అనీ పిలుస్తారు. స్క్రమ్‌లో బలమొక్కటే చాలదు. ముందు వరుసలోని ముగ్గురి వీపులు సమానంగా వంగకపోతే వెనుకనున్న ఐదుగురి బలం వృథా అవుతుంది, మెడకు గాయమయ్యే ప్రమాదమూ ఉంటుంది. అందుకే ఈ ఆట కొన్ని నెలల పాటు, అదే మనుషులతో, అదే నేలమీద కలిసి సాధన చేయనిదే పట్టుబడదు. ఈ లక్షణమే దాని మహిళా శాఖ ఎక్కడ పెరిగింది, ఎక్కడ పెరగలేదు అన్నదాన్ని చాలావరకు నిర్ణయించింది.

భారతదేశంలో రగ్బీకి తొలి నివాసం కలకత్తా. 1872 క్రిస్మస్ రోజున అక్కడి ఆంగ్లేయులు, ఇతర బ్రిటిష్ ద్వీపవాసులు రెండు జట్లుగా ఆడిన ఆట నుంచి 1873లో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ ఏర్పడింది. కొద్ది ఏళ్లకే సైనిక దళాలు బదిలీ అయి, క్లబ్బులో ఉచిత మద్యం ఆగిపోయి, సభ్యులు పోలోకు, టెన్నిస్‌కు తరలిపోవడంతో అది మూతపడింది. బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, 270 నాణేలను కరిగించి, మూడు నాగుపాముల పిడులు, మూతపై ఏనుగు బొమ్మ ఉన్న పాత్ర చేయించి లండన్‌కు పంపగా, 1879 నుంచి నేటి వరకు ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు ఆ కలకత్తా కప్ కోసమే పోటీ పడుతున్నాయి. ప్రపంచ రగ్బీలోని అతి పాత బహుమతుల్లో ఒకటి మన రూపాయలతో తయారైనదే అయినా, ఆ క్లబ్బు గడప లోపలికి భారతీయులకు అప్పట్లో ప్రవేశం లేదన్నది ఆ వెండి మెరుపులో ఎవరికీ కనబడని విషయం.

స్త్రీల విషయానికి వస్తే, 1887లో ఐర్లండ్‌లోని ఎనిస్కిల్లెన్ పట్టణపు పోర్టోరా రాయల్ స్కూల్‌లో పదేళ్ల ఎమిలీ వాలెంటైన్ తన అన్నదమ్ముల జట్టులో ఒక ఆటగాడు తక్కువ కాగా తానే బరిలో దిగి ట్రై సాధించిందన్నది నమోదైన తొలి ఉదంతం. మొదటి ప్రపంచ యుద్ధంలో పురుషులు యుద్ధరంగానికి వెళ్లినప్పుడు, 1917 డిసెంబర్‌లో కార్డిఫ్, న్యూపోర్ట్ మహిళల జట్లు కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో ప్రేక్షకుల ఎదుట తలపడ్డాయి. యుద్ధం ముగిసింది, పురుషులు తిరిగి వచ్చారు, మహిళల ఆట ఆగిపోయింది. పురుషులు లేని కాలానికి మాత్రమే లభించిన అనుమతి కాబట్టి వారు రాగానే అది రద్దయింది. శాశ్వతమైన నెలవు దొరకడానికి మరో అర్ధశతాబ్ది పట్టింది, ఆ నెలవు విశ్వవిద్యాలయం.

1962లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో కనిపించిన మహిళా జట్టును బ్రిటన్‌లో నమోదైన తొలి మహిళా రగ్బీ జట్టుగా చరిత్రకారులు పేర్కొంటారు. ఫ్రాన్స్‌లో 1960ల మధ్య నుంచి పట్టణాల జట్లు పుట్టుకొచ్చి 1970లో తమ సంఘాన్ని తామే ఏర్పరచుకున్నాయి. అమెరికాలో చదువుకునే చోట స్త్రీపురుష వివక్షను నిషేధించే చట్టం వచ్చిన 1972 ప్రాంతంలోనే కొలరాడో, ఇల్లినాయ్ వంటి విశ్వవిద్యాలయాల్లో మహిళలు ఆట మొదలుపెట్టారు. బ్రిటన్‌లో 1970ల చివర యూనివర్సిటీ కాలేజ్ లండన్, కీల్ వంటి చోట్ల ఏర్పడిన క్లబ్బులే 1983లో 12 క్లబ్బులతో విమెన్స్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పుట్టడానికి కారణమయ్యాయి. ఆ పన్నెండింటిలో అత్యధికం విద్యార్థినులవే.

విద్యార్థినులే ఎందుకు ముందున్నారన్న ప్రశ్నకు ధైర్యం, ఆధునికత అన్న జవాబులు సులువుగా దొరుకుతాయి గాని, అసలు కారణం అంతకంటే సాదాసీదాది. బ్రిటిష్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘానికి సొంత నిధి ఉంటుంది, ఎవరైనా కొందరు కూడి క్లబ్ పెట్టుకుంటామంటే అందులోంచి బంతులకు, ప్రయాణానికి డబ్బు అడగవచ్చు. వారంలో బుధవారం మధ్యాహ్నం తరగతులు పెట్టకుండా ఆటలకు వదిలే ఆనవాయితీ చాలా చోట్ల ఉన్నది. విద్యార్థిని వసతి గృహంలోనో అద్దె గదిలోనో ఉంటుంది కాబట్టి మోకాలికి దెబ్బ తగిలించుకుని చీకటి పడ్డాక గదికి చేరినా సంజాయిషీ అడిగేవారుండరు. క్లబ్ అన్న మాటకు అక్కడ స్పష్టమైన అర్థం ఉన్నది: కెప్టెన్‌ను, కార్యదర్శిని, కోశాధికారిని ఆటగాళ్లే ఎన్నుకుంటారు, పై తరగతి వారు వెళ్లిపోతే కింది తరగతి వారు పగ్గాలు అందుకుంటారు, అధ్యాపకుడి సంతకం లేకుండానే అది ఏళ్ల తరబడి నడుస్తుంది. 1978లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆట మొదలుపెట్టిన డెబోరా గ్రిఫిన్ ఈ పాఠం నేర్చుకుని వచ్చిన వ్యక్తే.

ఆ పాఠం ఎంతగా వంటబట్టిందో 1991లో తేలింది. అంతర్జాతీయ రగ్బీ బోర్డు గుర్తింపు ఇవ్వకపోయినా, రిచ్‌మండ్ క్లబ్బుకు చెందిన గ్రిఫిన్, స్యూ డోరింగ్టన్, ఆలిస్ కూపర్, మేరీ ఫోర్సైత్ అనే నలుగురు మహిళలు తమ ఉద్యోగాలు చేసుకుంటూనే వేల్స్‌లో 12 దేశాలతో తొలి మహిళా ప్రపంచ కప్‌ను నడిపారు. సోవియట్ యూనియన్ జట్టు చేతిలో డబ్బు లేక, వోడ్కా సీసాలు, చేపగుడ్ల డబ్బాలు, బొమ్మలు మూటగట్టుకుని వచ్చి, అవి అమ్ముకుని ఖర్చులు వెళ్లదీసుకోవాలని చూడడంతో కస్టమ్స్ అధికారులు రంగంలోకి దిగవలసి వచ్చింది. కార్డిఫ్‌లో జరిగిన ఫైనల్‌లో అమెరికా 19-6తో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఆ పోటీని అధికారిక ప్రపంచ కప్‌గా గుర్తించడానికి బోర్డుకు 2009 వరకు మనసు రాలేదు. 2025 సెప్టెంబర్‌లో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ 33-13తో కెనడాను ఓడించిన మహిళా ప్రపంచ కప్ ఫైనల్‌ను 81,885 మంది చూశారు; అదే ఏడాది గ్రిఫిన్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలు అయ్యారు.

ఈ చరిత్రకు సమాంతరంగా కృష్ణా డెల్టాలో విశ్వవిద్యాలయమనే సంస్థ ఎలా పెరిగిందో చూస్తే తేడా ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడ కేంద్రంగానే మొదలై, కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతిగా ఉండగా, 1930లో వాల్తేరుకు తరలిపోయింది. అలా పోవడంతో డెల్టాలో మిగిలినది కళాశాలలే గాని విశ్వవిద్యాలయ ప్రాంగణం కాదు. 1937లో బెజవాడలో ఎస్ఆర్ఆర్ కళాశాల, 1962లో, అంటే ఎడిన్‌బరాలో ఆ జట్టు కనిపించిన ఏడాదే, ఆడపిల్లల కోసం మారిస్ స్టెల్లా కళాశాల వచ్చాయి. 1976లో గుంటూరు వైపు నాగార్జున విశ్వవిద్యాలయం, 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడి, ఈ కళాశాలలు ఒకదాని గొడుగు కింద నుంచి మరోదాని గొడుగు కిందకు మారుతూ వచ్చాయి. ఇవన్నీ అనుబంధ పద్ధతిలో నడిచే సంస్థలు. అంటే పాఠం చెప్పేది కళాశాల, పట్టా ఇచ్చేది ఎక్కడో దూరాన ఉన్న విశ్వవిద్యాలయం.

ఈ పద్ధతిలో క్రీడాజట్టు పుట్టే తీరే వేరు. కళాశాలలో ఆటలకు బాధ్యుడు ఫిజికల్ డైరెక్టర్. పిల్లలకు ఆయన పీడీ సార్ లేదా పీడీ మేడం. ఏడాదికొకసారి జరిగే అంతర్ కళాశాల పోటీల్లో, అందరూ ఇంటర్ కాలేజియేట్ అని పిలిచే వాటిలో, పదుల కొద్దీ కళాశాలల నుంచి వచ్చినవారిలో బాగా ఆడినవారిని ఎంపిక చేసి, కొన్ని రోజుల కోచింగ్ క్యాంపు పెట్టి, టీఏ డీఏ లెక్కగట్టి, విశ్వవిద్యాలయ జట్టుగా సౌత్ జోన్ పోటీలకు పంపుతారు; అక్కడ నెగ్గితే ఆల్ ఇండియా పోటీలకు. పోటీ ముగియగానే జట్టు విడిపోయి ఎవరి ఊరికి వారు చేరతారు. జట్టు ఉంటుంది, క్లబ్ ఉండదు. ఇలాంటి ఏర్పాటులో పరుగు పందెం, బ్యాడ్మింటన్, ఎవరికి వారు ఊరిలో నేర్చుకుని వచ్చిన కబడ్డీ నెగ్గుకొస్తాయి. ఎనిమిది మంది వీపులు ఒకే ఎత్తున వంగడం నేర్చుకోవలసిన ఆట నెగ్గుకురాదు.

ఆడపిల్లలకు ఒళ్లు తగిలే ఆటలు అలవాటు లేకపోవడమే రగ్బీ రాకపోవడానికి కారణమనే వాదన మాత్రం నిలవదు, ఎందుకంటే డెల్టాకు చెడుగుడు ఉన్నది. గుక్క తిప్పుకోకుండా కూత పెట్టుకుంటూ ఎదుటి బరిలోకి వెళ్లి, ఒకరిద్దరిని తాకి, పట్టుబడకుండా గీత దాటి రావడం, పట్టేవారు కాలి మడమనో తొడనో నడుమునో చుట్టి నేలకు దించడం అనే ఈ ఆటకూ రగ్బీలోని ట్యాకిల్‌కూ ఉన్న బంధుత్వం రెండూ చూసినవారెవరికైనా కనిపిస్తుంది. రెండింటిలోనూ తల పక్కకు తప్పించి భుజంతో అందుకోవడమే మెలకువ. ఈ ఆట కబడ్డీ పేరుతో ఒకే నియమావళి కిందకు వచ్చాక మహిళలకు తొలి జాతీయ పోటీలు 1955లో కలకత్తాలో జరిగాయి. 1961లో అంతర్ విశ్వవిద్యాలయ క్రీడల్లో దానికి చోటు దక్కింది. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీని తొలిసారి చేర్చినప్పుడు భారత జట్టు ఫైనల్‌లో 28-14తో థాయిలాండ్‌పై గెలిచి స్వర్ణం తెచ్చింది. నేలకు దించడం, దించబడడం మన పిల్లలకు కొత్త కాదు.

తేడా నేలలో ఉన్నది. మహిళల కబడ్డీ బరి పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. డెల్టా లెక్కలో రెండున్నర సెంట్లకు లోపే. రగ్బీ మైదానం 100 మీటర్ల పొడవు, దాదాపు 70 మీటర్ల వెడల్పు, రెండు చివరలా ట్రై చేసే జాగాలు కలుపుకుంటే రెండెకరాలకు చేరుతుంది. మెట్ట ప్రాంతాల్లో పంట కోసిన పొలాలు వేసవి దాకా బీడుగా ఉండి పిల్లలకు మైదానాలవుతాయి. కంకిపాడు, ఉయ్యూరు, పెనమలూరు చుట్టూ ఉన్న కాలువ కింది మాగాణిలో ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే వరి కోతకు ముందే, నేలలో తడి ఆరకుండానే, మినుము చల్లుతారు. వరి పనలు తీసేసరికి కింద మినుము మొలకెత్తి ఉంటుంది. చెరకు తోట ఏడాది పొడవునా నేలను వదలదు. ఖాళీగా దొరికేది కల్లం, అంటే ధాన్యం నూర్చే జాగా, గుడి ముందరి మైదానం, బడి ఆవరణ మాత్రమే. సంక్రాంతికి ఊరూరా కబడ్డీ పోటీలు పెట్టడం ఆ కొంచెం నేలలో ఇమిడే ఆటను జనం ఎంచుకున్న తీరుకు గుర్తు.

1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల రావడంతో బందరు రోడ్డుకు మరో చరిత్ర మొదలైంది. తరువాతి దశాబ్దాల్లో ఆ రోడ్డు వెంట ఇంజనీరింగ్ కళాశాలలు వరుసగా వెలిసి, ఊళ్ల నుంచి అమ్మాయిలు వేల సంఖ్యలో సాంకేతిక విద్యలోకి వచ్చారు. ఇది డెల్టా స్త్రీల చరిత్రలో చిన్న మార్పు కాదు. ఆ మార్పు కళాశాల బస్సు మీద వచ్చింది. ఉదయం ఊరి సెంటర్‌లో ఎక్కి, సాయంత్రం తరగతులు ముగిసిన కాసేపటికి తిరిగి ఎక్కి, చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చుననే భరోసా లేకపోతే చాలామంది తల్లిదండ్రులు ఆడపిల్లను ఇరవై కిలోమీటర్ల దూరం పంపేవారు కారు. చదువుకు తలుపు తెరిచిన ఆ బస్సే ఆటకు తలుపు మూసింది. జట్టు సాధన చేసే వేళ సాయంత్రమే, ఆ వేళ విద్యార్థిని కిటికీ పక్కన కూర్చుని ఇంటిదారిలో ఉంటుంది. బస్సు తప్పితే తరువాతి ఏర్పాటు తండ్రి బండి వేసుకుని రావడమే. పొలం సంగతి, మైదానం సంగతి అలా ఉంచినా, రగ్బీకి అవసరమైన సాయంత్రం ఇక్కడ విద్యార్థిని చేతిలో లేదు. రాష్ట్ర రాజధాని ఈ ప్రాంతానికి వస్తుందన్న ప్రకటన తరువాత ఈ రోడ్డు వెంట సెంటు భూమి ధర పలికిన తీరు తెలిసినవారికి, కళాశాలలు రెండెకరాలను గడ్డికి వదలాలనడం కొంత అత్యాశగానే తోచవచ్చు.

ఈ పరిమితుల్లోనే డెల్టా స్త్రీల క్రీడ తన దారి తాను వెతుక్కున్నది. ఆ దారి జట్టుది కాదు, కుటుంబానిది. విజయవాడలో 1996లో పుట్టిన వెన్నం జ్యోతి సురేఖ ఇందుకు ముఖ్య ఉదాహరణ. కబడ్డీ ఆటగాడైన తండ్రి ప్రోత్సాహంతో చిన్ననాడే కృష్ణానదిలో ఈతకు పేరు తెచ్చుకున్న ఆమె, తరువాత విలువిద్యలో కాంపౌండ్ విభాగం, అంటే కప్పీల సాయంతో తాడు లాగే విల్లు, ఎంచుకుని వడ్డేశ్వరంలోని కేఎల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతూనే అంతర్జాతీయ పోటీలకు వెళ్లారు. 2023 ఆగస్టులో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో పర్నీత్ కౌర్, అదితి స్వామిలతో కలిసి మెక్సికోపై 235-229తో గెలిచి విలువిద్యలో భారత్‌కు తొలి ప్రపంచ స్వర్ణం తెచ్చారు. ఆ తరువాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారు. విజయవాడలో విలువిద్యకు పునాది వేసినవారిలో ఒకరైన శిక్షకుడు చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో మరణించినా ఆ శిక్షణ పరంపర ఆగలేదు. విలుకాడికి కావలసినది సన్నని పొడవాటి జాగా, ఓపిక, దగ్గరుండి తీసుకువెళ్లి తీసుకువచ్చే తల్లిదండ్రులు; తోటి పద్నాలుగు మంది అమ్మాయిలకు కూడా అదే సమయంలో సాయంత్రం ఖాళీ ఉండాలనే షరతు లేదు. విశ్వవిద్యాలయం ఇక్కడ చేసినది ఆటను పుట్టించడం కాదు, పుట్టిన ఆటకు హాజరు మినహాయింపు, ఆర్థిక ఆసరా ఇచ్చి నిలబెట్టడం. దానినీ తక్కువ చేయనక్కరలేదు.

అసలు మహిళా రగ్బీ ఒక విశ్వవిద్యాలయ ఆవరణలో వేళ్లూనుకున్నది పొరుగున ఉన్న ఒడిశాలో. 1990ల తొలినాళ్లలో భువనేశ్వర్‌లో అచ్యుత సామంత 125 మంది గిరిజన పిల్లలతో మొదలుపెట్టిన కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, క్లుప్తంగా కిస్, శిశుతరగతి నుంచి స్నాతకోత్తర స్థాయి వరకు ఉచిత వసతితో చదువు చెప్పే సంస్థగా ఎదిగి, 2017లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది. అంటే పట్టాలు తానే ఇవ్వగల సంస్థ అయింది. 2007లో ఆ బడి బాలురు లండన్‌లో జరిగిన 14 ఏళ్లలోపు వారి అంతర్జాతీయ పోటీలో గెలవడంతో సంస్థ రగ్బీని తన ఆటగా చేసుకున్నది. బాలికల జట్లూ పెరిగాయి. ఇక్కడ సాయంత్రం బస్సు లేదు. పిల్లలుండేది అక్కడే, తినేది అక్కడే, మైదానం హాస్టల్ పక్కనే, పదేళ్లనాడు బంతి పట్టిన పిల్ల డిగ్రీకి వచ్చేవరకు అదే మిత్రులతో, అదే శిక్షకుల దగ్గర ఆడుతుంది. బ్రిటన్‌లో విద్యార్థి సంఘం ఇచ్చిన స్వేచ్ఛకూ, భువనేశ్వర్‌లో ఆశ్రమ పాఠశాల క్రమశిక్షణకూ పోలిక లేకపోయినా, రెండు చోట్లా ఫలితం ఒకటే: సాయంత్రం ఆటకు దొరికింది.

భారత మహిళల జట్టు 15 మంది పద్ధతిలో తొలి అంతర్జాతీయ పోటీని 2018 జూన్‌లో సింగపూర్‌లో ఫిలిప్పీన్స్‌తో ఆడింది. ఏడాది తరువాత, 2019 జూన్‌లో, మనీలాలో సింగపూర్‌పై 21-19తో మొదటి విజయం దక్కింది; ఆఖరి నిమిషాల్లో దక్కిన పెనాల్టీని, అంటే ఎదుటివారి తప్పుకు బదులుగా స్తంభాల నడుమ నుంచి తన్నే అవకాశాన్ని, సాధించి ఆట గెలిపించినది జాజ్‌పూర్ జిల్లా నుంచి వచ్చి కిస్‌లో చదివిన సుమిత్రా నాయక్. పెనాల్టీ తన్నేటప్పుడు మైదానం మొత్తంలో కదిలేది ఒక్కరే; రెండు పాయింట్ల తేడాతో తేలిన ఆ ఆటలో మూడు పాయింట్లు ఒక కాలి మీద ఆధారపడ్డాయి. 2020లో భువనేశ్వర్‌లోనే జరిగిన తొలి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లో రగ్బీకి కూడా చోటిచ్చారు.

తెలుగునాట కిస్‌ను పోలిన వ్యవస్థ లేకపోలేదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాలల ఆలోచన తరువాత సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ గురుకులాలుగా విస్తరించి, బడికి దూరమైన కులాల, తెగల ఆడపిల్లలకు వసతితో కూడిన చదువునిచ్చింది. 2014 మేలో నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కినది ఆ గురుకులాల విద్యార్థినిగానే. ఇంటర్ తరువాత ఆ అమ్మాయిలు అనుబంధ కళాశాలల్లో చేరి, మళ్లీ బస్సు పాస్ తీసుకుని, ఎవరికి వారుగా చెదిరిపోవడంతోనే గొలుసు తెగుతున్నది. కిస్‌లో ఆ గొలుసు డిగ్రీ దాకా, ఆపైన కూడా కొనసాగడమే తేడా. ఆ పిల్లల్లో పుట్టుకతో వచ్చిన ప్రత్యేక దారుఢ్యమేదో ఉన్నదన్న మాట వారి పదేళ్ల సాధనను చిన్నబుచ్చడమే అవుతుంది.

ఈలోగా ఆట కూడా చిన్నదయింది. 1883లో స్కాట్లండ్‌లోని మెల్‌రోజ్‌లో పుట్టిన సెవెన్స్ పద్ధతిలో జట్టుకు ఏడుగురే, ఏడేసి నిమిషాల రెండు భాగాలు. స్క్రమ్‌లో ముగ్గురే ఉంటారు కాబట్టి మెడలు, వీపుల గురించిన సుదీర్ఘ సాధన కంటే పరుగు, పట్టు ప్రధానమవుతాయి. 2016లో రియో ఒలింపిక్స్‌లోకి పురుషులకూ మహిళలకూ కలిపి ప్రవేశించినది ఈ రూపమే. ఏడుగురి జట్టు, ఒక్కసారిగా ముందుకు దూకే కాళ్లు, పట్టుబడ్డాక కూడా గీత వైపు లాగే తెగువ అనేవి కబడ్డీ నుంచి వచ్చేవారికి చేతిలో ఉన్న సరుకే. మైదానం మాత్రం అంతే పెద్దది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే పేరుతో ఒక జట్టు కూడా ఆడింది గాని, అది పురుషుల లీగ్.

డెల్టా కుటుంబాల లెక్కలో వీటన్నిటికంటే బరువైనది మరొకటి ఉన్నది. కబడ్డీకి, వాలీబాల్‌కు రైల్వేలో, పోలీసు శాఖలో, బ్యాంకుల్లో ఉద్యోగాలు దొరకడం వల్లనే కూతురు ఆడుతుందంటే ఒప్పుకున్న తండ్రులున్నారు. దక్షిణ మధ్య రైల్వే మహిళా కబడ్డీ జట్టు దేశంలో పేరున్న వాటిలో ఒకటి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాకు అర్హమైన ఆటల జాబితాను 2020 సెప్టెంబర్‌లో 43 నుంచి 63కు పెంచినప్పుడు చేర్చిన ఇరవైలో రగ్బీ ఒకటి. ఆ నిబంధనల ప్రకారం దేశానికో రాష్ట్రానికో ఆడినవారితో పాటు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారు కూడా అర్హులే. అందువల్ల కంకిపాడు నుంచి కళాశాలకు వెళ్లే అమ్మాయికి రగ్బీ ఉద్యోగ మార్గం కావాలంటే, ఆమె విశ్వవిద్యాలయం ముందుగా ఆ ఆటకు మహిళల జట్టును సౌత్ జోన్‌కు నమోదు చేయాలి, ఆ ఎంపికకు తన కళాశాల పీడీ ఆమె పేరు పంపాలి, క్యాంపు జరిగే రోజుల్లో ఆమెకు హాస్టల్‌లో మంచం దొరకాలి.